నిప్పులో పుట్టిన రాయి – నీటిలో పుట్టిన రాయి



ఇద్దరు వియ్యంకులు ఉన్నారనుకోండి. ఒకాయనది నల్లగొండ జిల్లాలో దేవరకొండ వైపు పల్లె. రెండో ఆయనది నంద్యాల జిల్లాలో కోయిలకుంట్ల వైపు ఊరు. ఇద్దరూ మెట్ట రైతులే. ఒక వేసవిలో పెళ్ళిపందిట్లో కలుసుకొని బావుల మాట ఎత్తుకున్నారు.

"వెయ్యి అడుగులు దించాను బావగారూ, రాతిపొడి తప్ప తడి కనబడలేదు. అప్పు మాత్రం మిగిలింది" అన్నాడు దేవరకొండ ఆయన.

"మా చేలో నూటయాభై అడుగులకే జల పడింది. కాని చిత్రం చూడండి, అదే గట్టు మీద ఇరవై బారల దూరంలో మా తమ్ముడు వేస్తే ఒక్క చుక్క రాలేదు" అన్నాడు కోయిలకుంట్ల ఆయన.

"అంతా నుదుటి రాత" అని ఇద్దరూ నిట్టూర్చారు.

నుదుటి రాత సంగతి మనకెందుకు గాని, ఇందులో నేల కింది రాతి పాత్ర చాలా ఉన్నది. మొదటి ఆయన పొలం కింద ఉన్నది గ్రానైటు. రెండో ఆయన పొలం కింద ఉన్నది నాపరాయి, అంటే సున్నపురాతి బండ. మొదటిది నిప్పులో పుట్టింది, రెండవది నీటిలో పుట్టింది. పుట్టుకలో తేడా ఉన్నందువల్ల నీటిని దాచుకునే తీరులోనూ తేడా వచ్చింది. బోరు బండికి బయానా ఇచ్చే ముందు ఈ తేడాను రైతు తెలుసుకోవడం అవసరం.

ముందుగా గ్రానైటు పుట్టుక చూద్దాము. భూమి లోపల, కొన్ని మైళ్ళ లోతున, కొన్ని చోట్ల రాయి కరిగి పాకంలా ఉంటుంది. బెల్లం పాకం మెల్లగా చల్లారితే పెద్ద పెద్ద పలుకులు కడుతుంది కదా! అదే విధంగా ఈ రాతిపాకం లక్షల ఏళ్ళ పాటు మెల్లమెల్లగా చల్లారి, పలుకులు కట్టి, గ్రానైటు అయింది. ఇట్లా పుట్టిన రాళ్ళను అగ్నిశిలలు అంటారు. హైదరాబాదు చుట్టుపట్ల మనం చూసే గ్రానైటు వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. దాని మీద ఉన్న బరువంతా వానకు, గాలికి కొట్టుకొనిపోగా, ఒకనాడు పాతాళంలో ఉన్న రాయి నేడు గోలకొండ గుట్టలుగా మన కంటి ముందు నిలబడి ఉన్నది.

ఇక నాపరాయి కథ వేరు. కడప, నంద్యాల, పల్నాడు ప్రాంతాలు పూర్వం ఒక సముద్రం కింద ఉండేవి. నెలవంక ఆకారంలో ఉన్న ఆ పల్లపు భూమిని శాస్త్రజ్ఞులు కడప బేసిన్ అంటారు. ఆ సముద్రంలోకి ఏరులు తెచ్చిన ఇసుక, బురద ఏడాది కేడాది అడుగున దిగాయి. నీటిలో కరిగి ఉన్న సున్నం కూడా పొరలు పొరలుగా పేరుకొన్నది. పై పొరల బరువుకు కింది పొరలు అణగి, గట్టిపడి, రాయి అయినాయి. ఇసుక పేరుకున్న చోట ఇసుకరాయి, బురద పేరుకున్న చోట పొరరాయి, సున్నం పేరుకున్న చోట నాపరాయి ఏర్పడ్డాయి. వీటిని అవక్షేప శిలలు అంటారు. మజ్జిగ కుండలో అడుగుకు దిగిన చిక్కని భాగం లాంటివి ఇవి. వీటి అడుగున మళ్ళీ పరచుకొని ఉన్నది గ్రానైటు జాతి రాయే. పాత పునాది అది, ఆ మీద కట్టిన అంతస్తులు ఇవి.

ఈ రెండూ కాక మూడో జాతి కూడా ఉన్నది. వేడికి, ఒత్తిడికి రూపం మార్చుకొన్న రాళ్ళవి. మార్కాపురం పలకలు మీరెరుగుదురు. మన పిల్లలు అక్షరాలు దిద్దిన ఆ పలక ఒకప్పటి బురదే! కాని ఈనాడు మన మాట మొదటి రెండు జాతులను గురించే.

మీ పొలంలో ఏ రాయి ఉన్నదో తెలుసుకోవటానికి కాలేజీ చదువు అక్కరలేదు. మూడు చిన్న పరీక్షలు చాలు.

మొదటిది కంటితో చూసే పరీక్ష. రాతిని కొత్తగా పగులగొట్టి ఎండలో పట్టండి. గ్రానైటు అయితే మూడు రకాల పలుకులు విడివిడిగా కనబడతాయి: గాజులా మెరిసే పలుగు, తెల్లగానో లేత గులాబీగానో ఉండే ఫెల్స్‌పారు, మిలమిలలాడే నల్లని అభ్రకం. నాపరాతిలో ఈ పలుకులుండవు. మెత్తని ముద్దలా ఒకే రంగున ఉంటుంది. పక్కనుండి చూస్తే పుస్తకంలో కాగితాల మాదిరి పొరలు తెలుస్తాయి. అందువల్లనే బేతంచెర్లలో, తాండూరులో బండలు పలకలు పలకలుగా లేచి వస్తాయి.

రెండవది చాకు పరీక్ష. ఇనుప చాకు మొనతో గీయండి. నాపరాతి మీద గీత పడుతుంది. గ్రానైటులోని పలుగు మీద గీత పడదు, చాకు ఇనుమే రాతికి అంటుకొంటుంది. అమరావతి, నాగార్జునకొండ శిల్పులు అంత సన్నని పని చేయగలగటానికి పల్నాటి సున్నపురాయి ఉలికి లొంగే రాయి కావటం ఒక కారణం. లేపాక్షి బసవన్నను చెక్కిన వారికి దొరికింది గ్రానైటు. వారి ఓపికకు వేరే దండం పెట్టాలి.

మూడవది నిమ్మరసం పరీక్ష. రాతిని కొంచెం పొడి చేసి, దాని మీద పుల్లని నిమ్మరసం పిండండి. నాపరాయి అయితే సన్నని నురుగు బుడగలు లేస్తాయి. గ్రానైటు పొడి ఉలకదు, పలకదు. సున్నపురాయిని పులుసు పదార్థం కరిగిస్తుందని ఈ పరీక్ష చెప్తున్నది. ఈ మాట గుర్తుంచుకోండి, దీనితో ముందు పని ఉన్నది.

ఒక్క జాగ్రత్త. ఇసుకరాయి నీటిలో పుట్టినదే అయినా, దానిలో ఉన్నది పలుగే కనుక చాకుకు లొంగదు, నిమ్మరసానికి పొంగదు. అందుచేత మూడు పరీక్షలూ కలిపి చూసి నిర్ణయించుకోవాలి.

రాయి చివికితేనే మట్టి అవుతుంది. కనుక తల్లి గుణం బిడ్డకు వచ్చినట్లు రాతి గుణం నేలకు వస్తుంది. గ్రానైటులోని ఫెల్స్‌పారు చివికి బంకమన్ను అవుతుంది. పలుగు చివకక ఇసుకగా మిగులుతుంది. ఇనుము తుప్పుపట్టి ఎరుపు రంగునిస్తుంది. తెలంగాణా చెల్కలు, అనంతపురం ఎర్రనేలలు చాలావరకు ఇట్లా వచ్చినవే. ఇవి తేలిక నేలలు. వాన నీరు త్వరగా దిగుతుంది, త్వరగా ఆరిపోతుంది. సున్నం తక్కువ. వేరుశనగ కాయ నిండటానికి సున్నం కావాలి కనుకనే, పూత దశలో ఎకరానికి 200 కిలోల జిప్సం వేసి మట్టి ఎగదోయమని వ్యవసాయ శాఖ వారు చెప్తుంటారు.

నాపరాయి, పొరరాయి చివికిన చోట, ముఖ్యంగా కుందూ లోయలో, బరువైన నల్లరేగడి కనబడుతుంది. అది నీరు పట్టి ఉంచుతుంది. శనగకు, జొన్నకు, పత్తికి మంచిది. కాని సున్నం మితిమీరిన చోట ఇనుము నేలలో ఉండి కూడా పైరుకు అందదు. లేత ఆకులు ఈనెలు తప్ప తక్కినదంతా పసుపు పచ్చగా, ఒక్కోసారి తెల్లగా పాలిపోతాయి. అప్పుడు యూరియా వేస్తే ప్రయోజనం లేదు. ఎకరానికి 200 లీటర్ల నీటిలో ఒక కిలో అన్నభేది, 200 గ్రాముల నిమ్మఉప్పు కలిపి ఆకుల మీద పిచికారీ చేయాలి. ఒక నేలలో సున్నం చాలదు, ఇంకొక నేలలో సున్నమే ఎక్కువ. వియ్యంకుడు వేశాడని మనమూ అదే ఎరువు వేయటం పొరపాటని దీనివల్ల తెలుస్తున్నది కదా!

ఇక అసలు సంగతికి, నీటి సంగతికి వద్దాము.

గట్టి గ్రానైటులో పలుకులు ఒకదానికొకటి సందు లేకుండా అతుక్కొని ఉంటాయి. రాతి లోపల నీరు నిలిచే చోటు దాదాపు లేదు. మరి గ్రానైటు పొలాల్లో ఇన్ని తరాలుగా మోటబావులు ఎట్లా పారినాయి? నీరు రెండు చోట్ల దొరుకుతుంది. ఒకటి, పైనున్న మొరుము, దాని కింద చివికిన మెత్తరాయి. ఇది స్పంజి వంటిది. రెండు, దాని దిగువ రాతిలో ఉన్న నెర్రెలు. ఇవి స్పంజిలోని నీటిని బావికి తెచ్చే కాలువల వంటివి. హైదరాబాదు దగ్గర మహేశ్వరం ప్రాంతంలో మన దేశపు, ఫ్రెంచి దేశపు శాస్త్రజ్ఞులు కలిసి బోర్లు వేసి, కొలిచి చూశారు. చివికిన పొర మందం సుమారు 10 నుండి 20 మీటర్లు. దాని కింద నెర్రెలున్న పొర మరికొన్ని పదుల మీటర్లు. ఆ కిందికి పోయిన కొద్దీ నెర్రెలు అరుదైపోతాయి. మూడు వందల అడుగులు దాటిన తరువాత సాధారణంగా తగిలేది ముద్దరాయి.

అప్పుడప్పుడు ఎవరికో ఎనిమిది వందల అడుగులకు జల పడిన మాట నిజమే. ఒకరికి పడిన సంగతి ఊరంతా చెప్పుకొంటుంది. పడనివారు నోరు మెదపరు. పడిన జల కూడా ఎన్నో ఏళ్ళుగా ఆ నెర్రెలో చేరి నిలిచిన నీరు. తోడేసిన పిమ్మట తిరిగి నింపేవాడు లేడు. అది పెట్టెలో దాచిన సొమ్ము గాని, నెల నెలా వచ్చే జీతం కాదు. దేవరకొండ ఆయన మొదటి మూడు వందల అడుగుల్లో ఆగి, వేరే చోటు ఆలోచించి ఉంటే, తక్కిన ఏడు వందల అడుగుల ఖర్చు మిగిలేది.

ఇక్కడ ఒక చిన్న లెక్క కట్టుకుందాము. ఏడాదికి 700 మిల్లీమీటర్ల వాన పడే ఊరనుకోండి. గ్రానైటు నేలలో అందులో పదోవంతుకు అటూ ఇటూగా, అంటే సుమారు 70 మిల్లీమీటర్లు, భూగర్భంలోకి దిగుతుంది. ఒక ఎకరం వరి పండాలంటే సుమారు 1200 మిల్లీమీటర్ల నీరు పెట్టాలి. భాగహారం వేయండి. ఒక ఎకరం వరికి పదిహేడు ఎకరాల మీద పడిన వాన కావాలి! మడిలో పెట్టిన నీరు కొంత తిరిగి భూమిలోకి దిగే మాట నిజమే. మీ చుట్టూ ఉన్న పదహారు ఎకరాల వారూ బోర్లు వేసి వరి నాటితే, ఎవరి వాటా ఎవరు తోడుతున్నట్టు? గ్రానైటు ఊళ్ళో బోరు కింద వరి కాక కంది, వేరుశనగ, కూరగాయలు వేయమనటంలో ఉన్న కారణం ఇదే.

గ్రానైటు నేలలో మరొక సంగతి. నల్లని గుండ్లు వరుసగా పేర్చినట్టు, మైళ్ళ తరబడి సాగే గుట్టల వరుసలు మీలో కొందరు చూచి ఉంటారు. గ్రానైటు పగుళ్ళలోకి ఆ తరువాత ఎక్కివచ్చి గడ్డకట్టిన వేరొక అగ్నిశిల అది. డోలరైటు అంటారు. చివకక గట్టిగా ఉన్న చోట ఇది నేల కింద కట్ట వేసినట్లు నీటిని ఆపుతుంది. కట్టకు ఎగువన బావి నిండుగా ఉండి, దిగువన ఎండి ఉండటం కద్దు. బావికి చోటు చూసేటప్పుడు ఈ వరుసలను గమనించాలి.

ఇప్పుడు నాపరాతి నీటి సంగతి. నిమ్మరసానికి రాతిపొడి పొంగిన సంగతి గుర్తున్నది కదా! వాన నీరు గాలి నుండి, ముఖ్యంగా వేళ్ళున్న మట్టి నుండి, బొగ్గుపులుసు గాలిని కలుపుకొని కొద్దిగా పులుపెక్కుతుంది. ఆ నీరు నాపరాతి పొరల సందుల్లో, పగుళ్ళలో దిగుతూ రాతిని కరిగిస్తుంది. వేల, లక్షల ఏళ్ళకు నెర్రె సొరంగమవుతుంది, సొరంగం గుహ అవుతుంది. నంద్యాల జిల్లాలోని బెలుం గుహలు ఇందుకు సాక్ష్యం. రాబర్టు బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1884లో వాటిని గురించి రాశాడు. 1982, 1983 సంవత్సరాల్లో జర్మను దేశపు గుహాన్వేషకులు లోపలికి పోయి కొలిచారు. మొత్తం పొడవు 3 కిలోమీటర్లకు పైగా ఉన్నది. పాతాళగంగ అనే చోట, నేలమట్టానికి సుమారు 150 అడుగుల లోతున, నీటి పాయ కనబడుతుంది.

కోయిలకుంట్ల ఆయన బోరు తగిలింది ఇటువంటి కరిగిన సందుకే. తమ్ముడి బోరు సందుకు పక్కన ఉన్న గట్టి బండలోకి దిగింది. ఇరవై బారల్లో ఇంత తేడా వచ్చిందంటే ఆశ్చర్యం లేదు. నాపరాతిలో నీరు జల్లెడలో లాగ అంతటా ఉండదు, గొట్టంలో లాగ కొన్ని దారుల్లోనే పోతుంది. దారి తగిలితే పంట, తగలకపోతే మంట.

కాని ఆ సుళువులోనే ఒక ప్రమాదం కూడా ఉన్నది. గ్రానైటు మీది మొరుము నీటిని వడపోస్తుంది. నాపరాతి సొరంగంలో వడపోత లేదు. ఎక్కడో నేలలో కుంగిన గుంటలో పేడనీరో, పురుగుమందు కడిగిన నీరో పోస్తే, అది చెడు అంతా వెంటబెట్టుకొని మరొకరి తాగునీటి బావిలో తేలవచ్చు. అటువంటి గుంటల్లో చచ్చిన పశువులను వేయటం, మందు డబ్బాలు కడగటం ఏమాత్రమూ కూడదు.

నీటి రుచి, గుణం కూడా రాతిని బట్టే. నాపరాతి నీరు కఠిన జలం. సబ్బు నురగదు, పప్పు సరిగా ఉడకదు, కాగుల్లో తెల్లగా పొక్కు కడుతుంది. విసుగే గాని సాధారణంగా పెద్ద అపాయం లేదు. గ్రానైటు నీటి విషయంలో మాత్రం తప్పక జాగ్రత్త పడాలి. గ్రానైటులోని నల్ల అభ్రకం, మరికొన్ని ఖనిజాలు నీటిలోకి ఫ్లోరైడును విడుస్తాయి. నీరు రాతిలో ఎంత ఎక్కువ కాలం నిలిస్తే అంత ఎక్కువగా విడుస్తాయి. నీటిలో సున్నం సమృద్ధిగా ఉంటే ఫ్లోరైడు దానితో కలిసి కొంత గడ్డకడుతుంది. సున్నం తక్కువైన నీటిలో అది కరిగే ఉంటుంది. లోతు బోర్లలో నిలిచిన నీటిని పంటకు పెట్టినా, పరీక్ష చేయించకుండా తాగరాదనేది ఇందువల్లనే.

అప్పటి నెల్లూరు జిల్లాలోని దర్శి, పొదిలి ప్రాంతాల ప్రజల పళ్ళను, ఎముకలను పట్టి పీడించిన జబ్బుకు తాగునీటిలోని ఫ్లోరైడే కారణమని వైద్యులు 1937లో ప్రకటించారు. నల్లగొండ జిల్లా పల్లెలు దీనివల్ల పడిన బాధ అందరికీ తెలిసినదే. వంగిన నడుములు, వంకర పోయిన కాళ్ళు చూచినవారు మరువలేరు. పటికతో, సున్నంతో ఫ్లోరైడును తగ్గించే పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు. నేడు అక్కడి ఊళ్ళకు కృష్ణ నీటిని శుద్ధి చేసి గొట్టాల ద్వారా పంపుతున్నారు. పొలంలో దాహమైనప్పుడు బోరు నీరే కదా అని తాగేవారు ఇప్పటికీ ఉన్నారు. లీటరు నీటిలో ఫ్లోరైడు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ఆ నీరు తాగటానికి పనికిరాదు. రంగు, రుచి, వాసన చూచి దీనిని కనిపెట్టలేము. ప్లాస్టిక్ సీసాలో లీటరు నీరు పట్టి నీటి పరీక్షాశాలకు పంపటం ఒక్కటే మార్గం. పసిపిల్లలున్న ఇంటివారు దీనిని వాయిదా వేయకూడదు.

కొబ్బరికాయ చేతిలో పట్టుకొని, వేపపుల్ల పట్టుకొని జల చూపేవారు మన ఊళ్ళలో ఉన్నారు. వారిలో నేలను, చెట్టును, పుట్టను చూచి చూచి అనుభవం గడించిన వారూ లేకపోలేదు. అయితే కొబ్బరికాయ నిలబడినంత మాత్రాన కింద నెర్రె ఉన్నదని నమ్మి లక్షలు పోయటం మంచిది కాదు. భూగర్భ జలశాఖ వారు భూమిలోకి విద్యుత్తు పంపి, అది ఎంత సులువుగా పారుతున్నదో కొలుస్తారు. చివికిన తడి పొరలో సులువుగా పారుతుంది, ముద్దరాతిలో పారదు. నూటికి నూరు పాళ్ళు నిజం కాకపోయినా, గుడ్డిగా దించటం కంటె ఎన్నో రెట్లు మేలు. మీ చుట్టుపక్కల బోర్లు ఏ లోతున తడి చూపాయో, ఏ లోతున రాతిపొడి వచ్చిందో ఒక కాగితం మీద రాసుకోండి. ఆ కాగితం మీ ఊరి రాతి జాతకం.

గ్రానైటు రైతు మరొక పని కూడా చేయాలి. స్పంజి ఉన్నది పైనే కనుక, దానిని నింపే పని కూడా పైనే ఉన్నది. చెరువు పూడిక తీయటం, వాలుకు అడ్డంగా గట్లు వేయటం, ఎండిపోయిన పాత బావిలోకి వాన నీటిని ఇసుక, గులకరాళ్ళలో వడగట్టి మళ్ళించటం, ఇవన్నీ బోరు లోతు పెంచటం కంటె చౌక. గ్రానైటు సీమలో కాకతీయులు అన్ని చెరువులు తవ్వించారు. ఆ చెరువుల కింది బావులు ఎందుకు నిండుగా ఉండేవో ఇప్పుడు మీకు తెలిసింది కదా!

ఇంతవరకు చెప్పినదాని సారాంశం మరొక్కసారి. నిప్పులో పుట్టిన గ్రానైటు తన నీటిని పై పొరలో, నెర్రెల్లో దాచుకొంటుంది. దాని దగ్గర లోతుకు పోవటం కంటె పైన నింపటం ముఖ్యం, తాగే ముందు ఫ్లోరైడు పరీక్ష ముఖ్యం. నీటిలో పుట్టిన నాపరాయి తన నీటిని కరిగిన దారుల్లో దాచుకొంటుంది. దాని దగ్గర చోటు ఎన్నిక ముఖ్యం, ఆ దారులను మైల పరచకుండా ఉండటం ముఖ్యం.

మన వియ్యంకులు మళ్ళీ కలుసుకొన్నప్పుడు, "మీ ఊళ్ళో ఎన్ని అడుగులు బావగారూ?" అని కాక, "మీ ఊళ్ళో ఏ రాయి బావగారూ?" అని అడుగుకొంటే చాలు. ఒక ఎండు బోరు ఖర్చయినా మిగులుతుంది.